కెనీనా టన్నెల్‌కి టోర్మడ్ పెట్టిన వంకలు

ఇంకొకరు చేసిన పని చూసి ఊరుకోవడం టోర్మడ్‌కి చేతకాదు. ఆయన గురించి ముందు చెప్పాల్సింది అదే. లూయిస్ దీవి పడమటి ఒడ్డున ఉన్న హల్మవిక్‌లో మనిషికి మనిషి ఎదురైతే మొదట గాలి గురించి మాట్లాడుకుంటారు. నిన్నటికంటే నయమనో, రేపు ఇంతకంటే పాడనో ఏదో ఒకటి అనుకుంటారు. టోర్మడ్‌కి ఆ మర్యాదలు పట్టవు. వస్తూనే మీ గోడనో గేటునో కంచెనో ఎగాదిగా చూసి, "ఎవరిదీ పని?" అంటాడు. హత్య జరిగిన చోట పోలీసు అడిగినట్టు ఉంటుంది ఆ అడగడం.

కోటు లోపలి జేబులో మిగతా మగాళ్ళు కీర్తనల పుస్తకం, పిప్పరమెంట్లు పెట్టుకుంటే ఆయన వాలు ఎటుందో చూపించే జానెడు రసమట్టం పెట్టుకుంటాడు. చర్చికి వెళ్ళినా అది జేబులోనే. ఊళ్ళో సగం మందికి ఒకటే పేరు కావడంతో అక్కడ అందరికీ మారుపేర్లు ఉంటాయి. ఆయనకి సహజంగానే రసమట్టం అని వచ్చింది. మొహం మీద పిలిచినా కోపం తెచ్చుకోడు. పైగా, కనీసం అది అబద్ధం చెప్పదు కదా అంటాడు, ఎదుటివాడు చెప్తాడన్నట్టు.

ఒకప్పుడు పడవలు చేసే వడ్రంగి. ఎవరి దగ్గరా శిష్యరికం చెయ్యలేదు. ఒడ్డుకి కొట్టుకొచ్చిన విరిగిన పడవల్ని విప్పి, అతుకు ఎక్కడ వదిలిందో చూసి నేర్చుకున్నాడు. అందుకే కాబోలు, ఏది కనపడినా ముందు విప్పి చూడాలనిపిస్తుంది.

కొట్టు నడిపే ఇషబెల్ ఒక ఏడాది చలికాలానికని పొయ్యిలోకి పీటు మట్టి ఇటుకలు తెప్పించి, నడుం పడిపోయేలా ఇంటి ముందు పేర్చుకుంది. మర్నాడు ఆమె కొట్టు తెరిచి వచ్చేసరికి ఆ కుప్పంతా నేల మీద ఉంది. మధ్యలో టోర్మడ్ నిలబడి, వాన నీళ్ళు బయటికి జారాలంటే ఇటుక ఎటు వాలాలో గాలితో వాదిస్తున్నాడు. సాయంత్రానికి మళ్ళీ పేర్చాడు. అది చేప ముళ్ళ అల్లికలా ఎంత అందంగా ఉందంటే, దాన్ని కదిలించి పొయ్యిలో పెట్టాలంటే ఇషబెల్‌కి చెయ్యి రాలేదు. చలికాలం సగం దాకా వణికింది, ఆయన్ని తిడుతూ.

ముసలి నీల్ చనిపోయినప్పుడు ఇంకా ఘోరం. పాస్టరు గారు పుస్తకం తెరిచారు, టోర్మడ్ గొయ్యి అంచున మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ప్రార్థన చేస్తున్నాడు పాపం అని అందరూ తలలు వంచారు. ఆయన లేచి రసమట్టం జేబులో పెట్టుకుంటూ, "కాళ్ళవైపు పల్లంగా ఉంది. తీర్పు రోజు దాకా జారుతూ పడుకోవాలా మనిషి?" అన్నాడు. గొయ్యి సరిచేసేదాకా పాస్టరు గారు వేలు పేజీలో పెట్టుకుని వానలో నిలబడ్డారు.

ఇంత చేసి, పోనీ ఒక కప్పు టీ తాగుతాడా అంటే తాగడు. ఆ ఊళ్ళో పని చేసిన మనిషి టీ తాగకుండా గుమ్మం దాటడం ఇంటివాళ్ళ చెంప మీద కొట్టడంతో సమానం. కృతజ్ఞతలు చెప్తే మరీ మండిపడతాడు. నీకోసం చేశాననుకున్నావా, రోజూ ఇటే నడవాలి, చూడలేక చేశాను అంటాడు. కాబట్టి జనం ఆయన మీద రెండుసార్లు పళ్ళు నూరేవాళ్ళు, వచ్చినందుకు ఒకసారి, అలా పోయినందుకు ఇంకోసారి.

ఇలాంటి మనిషి ఇంటికి ఆనుకుని ఉండే ఖర్మ కెనీనాది.

కెనీనా భర్త ఐవర్ సరుకు ఓడల మీద ప్రపంచమంతా తిరిగినవాడు. కిందటి చలికాలం పక్షవాతం వచ్చి కుడి పక్క దెబ్బతింది. చెయ్యి కొంచెం కోలుకుంది, కాలు ఇంకా ఈడుస్తాడు, వాకర్ పట్టుకుని నడుస్తాడు. మాట వచ్చింది కానీ దాన్ని వాడటం మానేశాడు. ఊఁ అంటాడు, వద్దు అంటాడు, అంతే. మార్చి నెలలో ఒకరోజు పెరట్లోకి అడుగు పెడితే గాలి మనిషినీ వాకర్‌నీ కలిపి సముద్రం వైపు కంచె దాకా తోసుకుపోయింది. కంచె లేకపోతే ఆ తర్వాత సముద్రమే. ఆ రోజు నుంచి ఐవర్ కిటికీ పక్క కుర్చీలోంచి లేవలేదు. ఈ వేసవి కూడా ఆ కుర్చీలోనే గడిస్తే ఇక ఎప్పటికీ లేవడని కెనీనాకి భయం పట్టుకుంది.

మనిషి బయటికి రావాలి. బయట గాలి ఉండకూడదు. హల్మవిక్‌లో గాలి లేని చోటు లేదు. కాబట్టి తనే ఒకటి కట్టాలి. అలా అనుకుని పాలీటన్నెల్ తెప్పించింది. ఇనుప గొట్టాలని విల్లులా వంచి వరసగా పాతి, పైన మందపాటి పాలిథిన్ షీటు బిగించి కప్పితే, లోపల వెచ్చగా, నిశ్శబ్దంగా, ఎండంతా మనదే అయిన ఒక పొడుగాటి గది తయారవుతుంది. ఊరివాళ్ళు అడిగితే టమాటాల కోసమని చెప్పింది. అసలు సంగతి మరిది రోరీకి తప్ప ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఊరంతా జాలిపడుతూ వస్తుంది. ఆ జాలి చూస్తే ఐవర్ కిటికీ తెర కూడా వేసుకుంటాడు.

సామాను ఓడలో వచ్చింది. రోరీ పలుగు పట్టాడు, కెనీనా ఎలా కట్టాలో రాసున్న కాగితం పట్టుకుంది. మొదటి గొట్టం నేలలోకి దిగీ దిగకముందే కంచె మీదుగా ఒక తల లేచింది.

"ఎవరిదీ పని?"

"నాది," అంది కెనీనా.

"గాలికి అడ్డంగా పెడుతున్నావే. టన్నెల్ కడుతున్నావా, తెరచాప కడుతున్నావా?"

"అది నా నేల టోర్మడ్. నా గొట్టాలు. నువ్వు నీ కోళ్ళని చూసుకో."

"కోళ్ళకి కూడా ఇంతకంటే మంచి తలుపు పెట్టాను నేను. ఇది తలుపా? పిల్లి దూరే కన్నం. కింద ఆ అడ్డకర్ర ఒకటి."

కంపెనీవాళ్ళు పంపిన తలుపు అది, నీకు నచ్చకపోతే వాళ్ళకి రాసుకో అని ఆమె చెప్పింది. కంపెనీవాడు ఈ పెరట్లో నడుస్తాడా అన్నాడాయన. మూడు రోజులు అదే వరస. గొట్టం నిలువుగా లేదంటాడు, నేల వాలుగా ఉందంటాడు, మళ్ళీ తిరిగి తిరిగి ఆ తలుపు దగ్గరికే వస్తాడు. ఆయన చెప్పింది నిజమని రోరీ ఒకసారి గొణిగాడు, గాలి విషయంలో. కెనీనా చూసిన చూపుకి ఆ మాట మింగేశాడు కానీ, గొట్టాలన్నీ పీకి దిక్కు మార్చి మళ్ళీ పాతాడు. తలుపు మాత్రం ఆమె మార్చనివ్వలేదు. ఒక్క విషయమైనా తన ఇష్టప్రకారం ఉండాలి కదా.

ఇక షీటు కప్పడం మిగిలింది. దానికి కాగితంలో పెద్ద అక్షరాలతో ఒక మాట రాసి ఉంది. ఎండ కాసే, గాలి లేని రోజునే కప్పాలి. పాలిథిన్ వేడికి సాగుతుంది. సాగినప్పుడు లాగి బిగిస్తే చల్లబడ్డాక డోలులా ఉంటుంది. చలిలో బిగిస్తే మొదటి ఎండకే వదులై జారిపోతుంది, గాలి దాన్ని కొట్టి కొట్టి చింపుతుంది. ఎండా ఉండి గాలీ లేని రోజు ఆ దీవిలో ఎన్నడో గాని రాదు. కెనీనా ప్రతి పొద్దునా ఆకాశం చూసేది.

వచ్చింది. ఆదివారం వచ్చింది.

హల్మవిక్‌లో ఆదివారం తీగ మీద బట్టలు కూడా ఆరెయ్యరు. ఆరేస్తే ఆ ఉతుకు గురించి ఊరు ఏడాది మాట్లాడుకుంటుంది. సముద్రం అద్దంలా ఉంది. పొగ గొట్టాల్లోంచి పొగ నిటారుగా లేస్తోంది, అలాంటి పొగని పిల్లలు ఎప్పుడూ చూసి ఉండరు. అందరూ నల్ల కోట్లు వేసుకుని చర్చిలో చెమటలు కక్కుతూ కూర్చున్నారు. పాస్టరు గారు సహనం మీద ఉపదేశం చేశారు, తీరిగ్గా. కెనీనా కిటికీ వైపు చూడకూడదని మెడ బిగించుకుంది. టోర్మడ్ మాత్రం బాహాటంగా కిటికీలోంచి ఆ ఎండనే చూస్తూ కూర్చున్నాడు. ఇలాంటి రోజుని తెచ్చి ఆదివారం నాడు పెట్టింది ఎవరు అని పైవాడినే నిలదీస్తున్నట్టు ఉంది ఆయన మొహం.

సోమవారం చలి. మంగళవారం రోరీ చేపల పడవ ఎక్కాలి. ఇంకో ఆదివారం దాకా ఆగే ఓపిక కెనీనాకి లేదు. వేళ్ళు కొంకర్లు పోతుంటే ఇద్దరూ కలిసి షీటు లాగి కప్పేశారు, అంచులు కందకంలో పూడ్చేశారు. కంచె అవతల టోర్మడ్ చేతులు కట్టుకుని నిలబడి, వద్దు, వద్దు, వద్దు అంటూనే ఉన్నాడు. ఆమె వినిపించుకోలేదు.

బుధవారం ఎండ వచ్చింది. బిగువుగా ఉన్న షీటు కాస్తా ముసలాయన పంట్లాంలా జారింది. గాలి దాన్ని పట్టుకుని చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది. ఆ చప్పుడుకి కోళ్ళు గుడ్లు పెట్టడం లేదని టోర్మడ్ వచ్చి ఫిర్యాదు చేశాడు. దూది పెట్టు వాటి చెవుల్లో అంది కెనీనా.

మర్నాడు ఐవర్‌ని పరీక్షలకని స్టోర్నవే పట్నంలో ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. అక్కడే అక్కగారింట్లో రెండు రోజులుండి తిరిగొచ్చింది. కారు దిగి పెరట్లోకి చూసి, చేతిలో సంచీ వదిలేసింది.

టన్నెల్ ఈకలు పీకిన కోడిలా ఉంది. షీటు లేదు. గొట్టాలు మిగిలాయి. తలుపు లేదు, తలుపు చట్రం లేదు. ఆ చట్రం ఉండాల్సిన చోట టోర్మడ్ రంపం పట్టుకుని, నోట్లో మేకులు పెట్టుకుని కూర్చున్నాడు.

కెనీనా తిన్నగా గొట్టాల మధ్యకి వెళ్ళి నోరు విప్పింది. చర్చి పెద్దల ఇంటి ఆడపడుచు నోటికి తగని మాటలు కూడా కొన్ని వచ్చాయి. ఇరవై ఏళ్ళుగా ఊరు మింగుకున్నదంతా ఆమె ఒక్కతే కక్కేసింది. ఇషబెల్ పీటు కుప్ప దగ్గర్నుంచి నీల్ గొయ్యి దాకా ఏదీ వదల్లేదు.

"నువ్వు దొంగవి టోర్మడ్. పట్టపగటి దొంగవి. నేను పోలీసుకి చెప్తాను, ఊరి కమిటీకి చెప్తాను, పాస్టరు గారికి చెప్తాను."

ఆయన మేకులు చేతిలోకి ఉమ్ముకున్నాడు. "చెప్పు. వచ్చేటప్పుడు తలా ఒక పార తెచ్చుకోమను."

ఆమె ఇంట్లోకి వెళ్ళి తలుపు ఎంత గట్టిగా వేసిందంటే, ఆయన బయటినుంచి, ఆ మడతబందు వదులైంది చూసుకో అని అరిచాడు.

ఊరంతా కెనీనా పక్షమే. కొట్టు దగ్గర ఆమె చెప్తుంటే ప్రతివాళ్ళూ తమ గోడు కూడా కలిపారు. ఆ వారాంతంలో తుపాను గాలి వచ్చింది. ఇషబెల్ వాళ్ళ కోళ్ళగూడు రోడ్డు దాటింది. చర్చి బోర్డు ఎవరి పొలంలోనో తేలింది. కెనీనా షీటు మాత్రం చక్కగా మడతపెట్టి టోర్మడ్ కొట్టంలో భద్రంగా ఉంది. అది గొట్టాల మీదే ఉంటే ఈపాటికి ఐస్‌లాండ్‌లో ఉండేదని ఎవరో అన్నారు. కెనీనా ఒప్పుకోలేదు. నా పర్సు ఒకడు కొట్టేశాక వీధిలోకి జేబుదొంగలు వస్తే, ముందు కొట్టేసినవాడికి దండం పెట్టాలా అని అడిగింది.

ఆమె కిటికీల్లోంచి అటు చూడటం మానేసింది. పెరట్లో రంపం చప్పుడు, రాళ్ళు దొర్లే చప్పుడు వినపడుతూనే ఉండేవి. తెలియనట్టే ఉండేది, వెనక తలుపు గడియ కూడా తీసేది కాదు. ఐవర్ మాత్రం కుర్చీ కాస్త పక్కకి తిప్పమని సైగ చేశాడు, పెరడు కనపడేలా. వినోదం చూస్తున్నాడు కాబోలని ఆమె ఇంకా ఉడుక్కుంది.

మళ్ళీ అలాంటి రోజు వచ్చింది, ఈసారి గురువారం. ఎండ ఉంది, ఆకు కూడా కదలడం లేదు. టోర్మడ్ ఇంటింటికీ తిరిగాడు. సాయం చెయ్యండి అని ఒక్కరిని కూడా అడగలేదు. కెనీనా పెరట్లో దరిద్రం ఊరికే పరువు తక్కువగా ఉంది, కాళ్ళూ చేతులూ ఉన్నవాళ్ళు ఇళ్ళలో కూర్చోడానికి సిగ్గుండాలి అని తిట్టాడు. జనం తిట్లకి తిట్లు చెప్పుకుంటూ వచ్చారు. పడవ దిగిన రోరీ బూట్లతోనే వచ్చాడు. ఇషబెల్ కొట్టు మూసి వచ్చింది.

కెనీనా ఒళ్ళు మండింది. తనది దొంగిలించిన మనిషి తన పెరట్లోనే విందు పెట్టించినట్టయింది. ఎందుకంటే, పనికని గుమ్మం దాకా వచ్చిన ఊరికి తిండి పెట్టకుండా ఉండటం ఆ ఊరి ఆడమనిషికి చేతకాదు. పళ్ళు నూరుకుంటూ బార్లీ సూపు పొయ్యి మీద పెట్టింది, పళ్ళు నూరుకుంటూ స్కోన్ రొట్టెలు కాల్చింది. బయట టోర్మడ్ గొంతు ఆగడం లేదు. లాగండి, దుప్పటి మడతపెడుతున్నారా, ఇషబెల్ నీ మూల ఎవరు పట్టుకుంటారు, మీ నాన్నా? షీటు గొట్టాల మీదుగా పాకి, ఎండకి మెత్తబడి, ఊరంతా ఒక్కసారి లాగితే బిగుసుకుంది. రోరీ వేళ్ళతో కొడితే ఖంగుమని మోగింది. అంచులు పూడ్చారు. అందరూ వీధి గుమ్మం ముందు గిన్నెలతో కూర్చున్నారు, ఒక్క టోర్మడ్ తప్ప. ఆయన రంపం చంకలో పెట్టుకుని కంచె దాటి వెళ్ళిపోయాడు. వాసనైనా చూడలేదు.

జనం వెళ్ళాక కెనీనా వెనక తలుపు తీసి, తిట్టడానికి ఇంకేం దొరుకుతుందో చూద్దామని బయల్దేరింది.

మొదట కాలికే తేడా తెలిసింది. వంటింటి మెట్టు లేదు. దాని చోట వాలు బల్ల ఉంది, జారకుండా అడ్డంగా పట్టీలు కొట్టి. అక్కణ్ణుంచి టన్నెల్ దాకా రాతి పలకల దారి. ఒక పలకకీ ఇంకో పలకకీ మధ్య గోరు కూడా దూరదు, ఎత్తుపల్లాలు లేవు. ఆ పలకలు టోర్మడ్ పాత పశువుల కొట్టం నేలవని గుర్తుపట్టింది. టన్నెల్ తలుపు వెడల్పుగా ఉంది, పక్కకి జరిగే తలుపు. కింద అడ్డకర్ర లేదు. లోపల గోడవారగా బెంచీ. బెంచీకి ఎడమ పక్కన, కూర్చున్న మనిషి ఎడమ చేతికి సరిగ్గా అందే ఎత్తులో, నేలలో పాతిన ఇనుప కడ్డీ.

ఆమె వెళ్ళి ఐవర్ వాకర్ తెచ్చి తలుపులోంచి తోసి చూసింది. రెండు మోచేతులకీ చోటు మిగిలింది. పిల్లి కన్నం అన్నప్పుడు ఆయన ఎవరి కోసం పోట్లాడాడో అప్పుడు అర్థమైంది. పాత తలుపులోంచి ఈ వాకర్ దూరేది కాదు. ఎవరికోసమైతే కట్టిందో ఆ మనిషికే పట్టని తలుపు కోసం తను ఇన్నాళ్ళూ ఊరంతా వినేలా యుద్ధం చేసింది.

తిన్నగా కంచె దగ్గరికి వెళ్ళింది. ఆయన కోళ్ళకి గింజలు వేస్తున్నాడు.

"రోరీ చెప్పాడా నీకు?"

"ఏం చెప్పాలి? నాకు కళ్ళు లేవా? మనిషిని కిటికీలో బొమ్మలా కూర్చోబెట్టుకుని టమాటాలంట, టమాటాలు."

"అయితే ఆ తలుపు ఐవర్ కోసమే."

"తోపుడుబండి కోసం," అన్నాడాయన, కోపంగా. "ఎరువు మోసుకెళ్ళవా? ఎత్తుకెళ్తావా?"

"మరి నీ తోపుడుబండి బెంచీ మీద కూర్చుని, కడ్డీ పట్టుకుని లేస్తుందా?"

టోర్మడ్ గింజల డబ్బాలోకి చూశాడు. "నేర్పితే లేస్తుంది," అన్నాడు.

ఆమె నోటిదాకా వచ్చిన మాటని ఆపుకుంది. అది అంటే ఆయన ఇంకో నెల మాట్లాడడని తెలుసు. నువ్వు రావడానికి కంచె ఎక్కాల్సిన అవసరం లేదు, గేటుంది అని మాత్రం అంది. ఆ గేటు ఎవరి పనో తనకి తెలుసని, అందుకే కంచె ఎక్కుతున్నానని ఆయన చెప్పాడు.

శుక్రవారం పొద్దున ఐవర్ కిటికీ పక్క కుర్చీలోంచి లేచాడు. ఎవరూ రమ్మనలేదు. కెనీనా వెనకే నడిచింది, చెయ్యి వెయ్యకుండా. బల్ల మీదుగా, పలకల మీదుగా, తలుపులోంచి వాకర్ ఎక్కడా తడబడలేదు. లోపల గాలి లేదు. ఐవర్ బెంచీ మీద కూర్చుని చుట్టూ చూసి, కోటు బొత్తాలు విప్పుకున్నాడు. ఆమె టీ పెట్టడానికి ఇంట్లోకి వచ్చింది. కిటికీలోంచి చూసేసరికి టోర్మడ్ అప్పుడే టన్నెల్‌లోకి దూరాడు, చేతిలో టమాటా నారు పళ్ళెంతో.

కాసేపు టోర్మడ్ గొంతే వినపడింది, ఎడతెరిపి లేకుండా. ఆ మొక్క దగ్గరైందంటాడు, ఈ మట్టి గట్టిగా ఉందంటాడు, ఓడల మీద తిరిగినవాడికి నేల గురించి ఏం తెలుస్తుందంటాడు. కెనీనా పళ్ళు కొరుక్కుంది. జబ్బుమనిషిని ఒక్క పూటైనా ప్రశాంతంగా ఉండనివ్వడే.

అప్పుడు ఇంకో గొంతు లేచింది. బొంగురుగా, మెల్లగా, ఒక్కో మాటా వెతుక్కుంటూ, కానీ ఓడ డెక్కు ఈ చివర నుంచి ఆ చివరకి వినపడే గొంతు.

"ఒరేయ్ టోర్మడ్. ఇది... నా తోట. నోరు మూసుకుని... బయటికి పో."

కెనీనా కెటిల్ దించి కిటికీ తెరిచింది. టన్నెల్ తలుపు పక్కకి జరిగింది. టోర్మడ్ బయటికి వచ్చాడు, చెవులు ఎర్రగా, పళ్ళెం ఖాళీగా.

"మీ ఆయన నన్ను గెంటేశాడు," అన్నాడు. "చదువుకున్న మనిషి, నాలుగు దేశాలు చూసిన మనిషి, పొరుగువాడితో మాట్లాడే తీరు ఇదేనా?"

"నువ్వేమన్నావు?"

"ఉన్నదే అన్నాను. మొక్క నాటడం రాదన్నాను."

కెనీనా టీ కప్పు కిటికీలోంచి అందించింది. ఆయన అటు చూడలేదు. కంచె ఎక్కి అవతలికి దిగి, ప్యాంటు దులుపుకుని వెనక్కి తిరిగాడు.

"రేపు పొద్దున్నే వస్తానని చెప్పు," అన్నాడు. "దమ్ముంటే మళ్ళీ గెంటమను."